సగం కోర్టు

శనివారం పొద్దున్న మా మనవరాలి ఆటకి నన్ను కూడా తీసుకెళ్తారు. ఇంట్లో ఒక్కదాన్నే వదిలేస్తే స్టవ్ మీద ఏదో పెట్టి మర్చిపోతానని మా అమ్మాయి భయం. ఆస్ట్రేలియాలో ద పాండ్స్ అనే పేటలో మా ఇంటి దగ్గర్నుంచి కారులో పావుగంట. రేకుల గోడౌన్ లాంటి పెద్ద హాలు. లోపల నాలుగు కోర్టులు, కింద చెక్క నేల, అద్దంలా మెరుస్తూ. బూట్లు నేల మీద కీచుమంటుంటే చెవులు జివ్వుమంటాయి. నేను శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో కాఫీ పక్కన పెట్టుకుని ఒక మూల బెంచీ మీద కూర్చుంటాను.

మొన్న శనివారం ఆట అయిపోయింది. పిల్లలంతా వాళ్ల అమ్మానాన్నలతో వెళ్లిపోయారు. మా అల్లుడు కారు తేవడానికి వెళ్లాడు. వాళ్ల కోచ్ ఒక్కతే మిగిలింది. తెల్లావిడ, యాభై దాటి ఉంటాయి. పిల్లలు వదిలేసి పోయిన నీళ్ల సీసాలు, ఒక స్వెట్టరు, ఎవరిదో ఒక్క సాక్సు ఏరి సంచిలో వేసింది. బంతులన్నీ వల సంచిలో కుక్కి మూతి బిగించింది. తర్వాత బెంచీ మీద కూలబడి, బూటు విప్పి, పాదం ఒళ్లో పెట్టుకుని పిసుక్కుంది. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మనిషి ముఖం ఎట్లా ఉంటుందో ఆమె ముఖం అట్లా ఉంది.

"ఎవరే ఆవిడ?" అని మా అమ్మాయిని అడిగాను.

"హైస్కూల్ టీచర్ అమ్మా. వీక్ అంతా స్కూలు, వీకెండ్ ఇది. వాలంటీర్. ఊరికే చేస్తుంది."

"ఊరికేనా?"

"ఊరికేనే. ఎందుకు అంటే, ఐ లవ్ ఇట్ అంటుంది."

నాకు అట్లాంటి మనిషి ఒకాయన తెలుసు. కారెక్కాక నోరు ఊరుకోలేదు. "నేను కూడా ఆడాను ఈ ఆట" అన్నాను.

మనవరాలు వెనక్కి తిరిగింది. "యూ? బాస్కెట్‌బాల్? ఇన్ అ సారీ? నో వే అమ్మమ్మా!"

"చీరలో కాదులే. లంగా, జాకెట్టు. లంగా పైకెత్తి దోపుకుని."

అల్లుడు అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఇన్నేళ్లలో నాకొక్కసారీ చెప్పలేదేంటమ్మా?" అంది.

చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. అన్నేళ్లు ఒక కంచంలో తిన్నట్టు బతికాం, ఆయన పోయేదాకా ఈ మాట రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు. అంతకుమించి రాదు. అందుకని నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

మాది మిరప ఊరు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఊరు ఊరంతా ఎర్రగా ఉండేది. ఇళ్ల కప్పుల మీద మిరపకాయలే, రోడ్డు పక్కన మిరపకాయలే. గాలిలో ఘాటు. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, మాకు ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. ఆ కాలమంతా తిండి కూడా అదే. పండు మిరపకాయలు చింతపండేసి రోట్లో తొక్కిన కొరివికారం, పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. అమ్మ చేతి వేళ్ల సందుల్లో కారం మంట పోదు. కొబ్బరినూనె రాసుకునేది, పెరుగు రాసుకునేది. మంట తగ్గక చేతులు రెండూ నీళ్ల కుండకి ఆనించి పడుకునేది. ఆ చేతులతో నాకు జడ వేస్తే మెడంతా భగ్గుమనేది. నేను అరిస్తే, "రాజుగారి కూతురు మరి! కదలబాక" అని నెత్తిన ఒక్కటి మొట్టేది.

ఊరి బడికి ఎవరో పెద్దాయన వాళ్లమ్మ పేరు మీద ఒక సిమెంటు కోర్టు కట్టించి ఇచ్చాడు. అప్పట్లో మా ఇళ్ల ముందు పేడతో అలికిన నేలే. అంత చదునైన సిమెంటు నేల ఊళ్లో జనం ఎరగరు. రెండు చివర్లా ఆ ఇనప స్తంభాలు, పైన రింగులు ఎందుకున్నాయో ఎవరికీ అర్థం కాలేదు. కానీ నేల ఎందుకు పనికొస్తుందో మాత్రం చూడగానే అందరికీ అర్థమైంది. మొదటి ఏడాదే అది మిరపకాయలు ఆరబోసే కల్లం అయి కూర్చుంది.

అప్పుడు వచ్చారు మా మాస్టారు. ఆయన సోషలు చెప్పేవారు. బడిలో డ్రిల్లు మాస్టారి ఉద్యోగం ఖాళీగా ఉంది. కాలేజీ రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడానని ఈయన నోరు జారారట, ఆ పని కూడా ఈయన నెత్తినే రుద్దారు. మనిషి పొట్టి. పదమూడేళ్లకే నేను ఆయన చెవి దాటాను. మెడలో ఈల, చంకలో బంతి, జేబులో సుద్దముక్కలు. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది.

పొద్దున్నే ఆయన కోర్టు దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు చీపుళ్లు, బుట్టలు పట్టుకుని తయారుగా ఉండేవాళ్లు.

"ఏవమ్మా, ఇది పిల్లలు ఆడుకునే చోటు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పిల్లలు యాడైనా ఆడతారు మాస్టారా. కాయ యాడబడితే ఆడ ఎండిద్దా?"

"ఇది బడిదమ్మా."

"బడి ఎవరిది? మా పిల్లలదేగా! పిల్లలు ఎవరు? మా వోళ్లేగా! మరి నేల ఎవరిదంటారు?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. రోజూ ఇదే. రోజూ ఆయన ఓడిపోయి, బడి వెనకాల మట్టిలో పిల్లలతో ఆడించేవారు. మట్టిలో బంతి సరిగ్గా ఎగరదు. అయినా ఆడించేవారు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అరెకరం కౌలుకి తీసుకుని మిరప వేసేది. మూడో తరగతిలో నన్ను బడి మాన్పించి తనతో పెట్టుకుంది. అందులో అమ్మ తప్పేం లేదు, ఇద్దరు చేస్తేనే ఆ పని తెమిలేది. కోర్టు మీద కాయలు బోర్లించడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం, మేకలు రాకుండా కాపలా కాయడం నా పని. బంతి దొర్లుకుంటూ వచ్చి మా మిరపకాయల్లో పడితే గుట్ట కింద దాచేసేదాన్ని. మాస్టారు గుట్టలన్నీ కెలుక్కుంటూ, తుమ్ముకుంటూ వెతుకుతుంటే చూడటం నాకు పెద్ద సరదా.

ఒకరోజు ఆయన నా ముందు నిలబడి, "ఇచ్చెయ్యవే తల్లీ, ఇవాళ ఓపిక లేదు" అన్నారు. నిజంగానే ఓపిక లేని గొంతు. జాలేసింది. గుట్టలోంచి బంతి తీసి విసురుగా ఆయన మీదికి వేశాను. ఆయన తల మీంచి పోయి అవతల స్తంభం మీది బోర్డుకి కొట్టుకుని రింగులో పడింది. గురి చూసి వెయ్యలేదు. తిడతారని లేచి పరిగెత్తబోయాను.

"ఆగు. ఇంకోటి వెయ్యి" అన్నారు.

ఇంకోటీ పడింది. మూడోది పడలేదు. నాలుగోది పడింది. ఆయన బంతి తెచ్చి ఇస్తున్నారు, నేను వేస్తున్నాను. మేకలు వచ్చి కాయలు తొక్కుతుంటే ఇద్దరం చూసుకోలేదు.

సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ పిల్లని బడికి పంపించమ్మా. నేను చెప్పి ఆరో తరగతిలో చేర్పిస్తాను. ఆటలో పనికొచ్చే పిల్ల."

"ఆట కూడు పెట్టిద్దా మాస్టారా? నా కాయ ఎవరు తిప్పుతారు?"

"పొద్దునా సాయంత్రం తనే తిప్పుతుంది. మధ్యలో బడి."

అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. "అయితే ఒక మాట. కాత అయిపోయిందాకా కోర్టు మీద నా కాయని ఎవురూ తియ్యమనకూడదు. మీరు కూడా. అట్టా అయితే పంపుతా."

ఏడాదంతా కోర్టు కోసం ఊరితో పోట్లాడిన మనిషి. అమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు. "సగం" అన్నారు. "సగం మీది, సగం ఆటది."

మర్నాడు సున్నం ముగ్గుతో కోర్టు మధ్యలో గీత పడింది. గీతకి అటు మా అమ్మ మిరపకాయలు, ఇటు మా ఆట. మిగతా ఆడవాళ్లు ఆయన్ని నానా మాటలూ అన్నారు. "పొడుగు పిల్లుంటే మాకూ సగం ఇచ్చేవాడు" అంటూ కాయలు ఎత్తుకుని వెళ్లిపోయారు.

ఇక్కడ హారిస్ పార్క్‌లో మనవాళ్ల షాపుల్లో ఎండుమిరపకాయలు ప్లాస్టిక్ సంచుల్లో అమ్ముతారు. కవరు చింపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఉండదు. కాస్త ఎండ తగిలితే ఘాటు వస్తుందేమోనని ఒకసారి మా గ్యారేజీ ముందు సిమెంటు మీద పరిచాను. మా అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, ఇక్కడలా చెయ్యకూడదు, పక్కింటివాళ్లు ఏమనుకుంటారు!" అంది. పక్కింటావిడ కంచె మీంచి తొంగి చూసి, చెయ్యి ఊపి, ఫోటో తీసుకుంది. ఆవిడేం అనుకోలేదు. ఎత్తేశాను.

బడిలో నాకు నచ్చినవి రెండే. ఒకటి సోషలు క్లాసు. ఏమీ అర్థమయ్యేది కాదు, అయినా నచ్చేది. మాస్టారు అయిదు క్లాసులు చెప్పి, మధ్యాహ్నం మా క్లాసుకి వచ్చేసరికి గొంతు కీచుమనేది. గోడకి ప్రపంచ పటం వేలాడదీసి, కర్ర దాని మీద ఆనించి, నిలబడే కునుకు తీసేవారు. మా ముందు బెంచీ పిల్ల, "మాస్టారు ఆస్ట్రేలియాలో నిద్రపోతున్నారే" అని గుసగుసలాడితే క్లాసంతా కిసుక్కున నవ్వేది. ఆయన ఉలిక్కిపడి లేచి, కర్ర ఎక్కడుంటే ఆ దేశం గురించే చెప్పడం మొదలుపెట్టేవారు.

రెండోది అక్షరాలు. మూడో తరగతిలో నేర్చుకున్నవి అన్నీ పోయాయి నాకు. ఆట మొదలయ్యే ముందు పది నిమిషాలు, మా సగంలో సిమెంటు మీద సున్నపు గడ్డతో రాయించేవారు. అక్షరం మనిషంత. రాయాలంటే వంగి నాలుగడుగులు వెనక్కి నడవాలి. అ నుంచి మొదలుపెట్టి గుణింతాల్లో సగం దాకా వచ్చాను. తర్వాత ఆ అక్షరాల మీదే ఆడేవాళ్లం, పాదాలకి తెల్లగా అంటుకునేవి.

జట్టులో పదిమందిమి. అందరూ నాకన్నా చదువుకున్నవాళ్లే. నా వెనకాల నన్ను మిరపకాయ అనేవాళ్లు, ముందు కూడా అనేవాళ్లు. గాలి వీస్తే అటు సగంలోంచి ఘాటు వచ్చి అందరూ ఆట మధ్యలో తుమ్మేవాళ్లు. మాస్టారు తడిగుడ్డతో బంతి తుడిచి తుడిచి ఇచ్చేవారు, చేత్తో కళ్లు నులుముకోవద్దని అరిచేవారు. ఒకరోజు మేమంతా కలిసి ఆయన ఈలకి మిరప గింజ రుద్దాం. ఎవరి బుద్ధో ఇప్పుడు గుర్తులేదు, గింజ మాత్రం నాదే. ఆయన ఈల ఊదారు. ముఖం కందిపోయింది. కుళాయి దగ్గరికి వెళ్లి, చాలాసేపు మూతి కడుక్కుని వచ్చారు. ఎవరు చేశారని అడగలేదు. ఆ రోజంతా ఈల బదులు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్తే వాళ్లావిడ గుగ్గిళ్లు పెట్టేది. శనగలు నానబెట్టి, ఉడికించి, ఇంగువ తాలింపు వేసి పెద్ద గిన్నె నిండా. "మీ మాస్టారి మూతి చూశారటే? అచ్చం కోతి మూతి" అంది ఆ రోజు. మేం గుగ్గిళ్లు నోట్లో పెట్టుకుని తలలు దించుకున్నాం. ఆవిడకి తెలిసిపోయింది. "తినండి తినండి. ఇంట్లో పిల్లలు నాన్న ముఖం చూసి నాలుగు రోజులైంది. మీరన్నా చూస్తున్నారు, సంతోషం" అంది. ఆవిడ నవ్వుతూనే అంది. మాస్టారు మాత్రం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నారు.

రెండో కోత అయిన రోజుల్లో హెడ్‌మాస్టారు కోర్టు దగ్గరికి వచ్చారు. మా అందరి ముందే చెప్పారు. బడికి గదులు చాలడం లేదు, కొత్త గదులకి ఈ కోర్టే అనువైన చోటు. ఈసారి పక్క టౌనులో జరిగే పోటీలో షీల్డు తెస్తే కోర్టు ఉంటుంది, ఆడపిల్లల జట్టు ఉంటుంది. తేకపోతే రెండూ ఉండవు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ తొడిమలు తీస్తూ, "ఆట ఉందని పంపుతున్నా. ఆట లేకపోతే నువ్వు నాతో కోతకే" అంది. అప్పటికి నేను గుణింతాల్లో సగంలో ఉన్నాను. రెండో సగం ఎట్లా ఉంటుందో అని రాత్రి నిద్రపట్టలేదు.

పోటీకి ఎనిమిది రోజుల ముందు మాస్టారు మళ్లీ మా ఇంటికి వచ్చారు. ఈసారి అరుగు మీద కూర్చున్నారు.

"అమ్మా, ఈ ఎనిమిది రోజులూ ఆ రెండో సగం కూడా ఇప్పించు. పిల్లలు ఇంతవరకు పూర్తి కోర్టు మీద పరిగెత్తలేదు. ఒక్క రింగు తప్ప రెండోది చూడలేదు."

"మంచు పడతంది మాస్టారా. తీసి యాడ పొయ్యను? కాయ నల్లబడితే నా ఏడాది పోయిద్ది. మాటిచ్చారుగా మీరు."

"ఇచ్చానమ్మా."

"మరి?"

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. వాళ్ల డాబా మీద పోసుకోమని అంటారేమో అనుకున్నాను, వాళ్లది పెంకుటిల్లని గుర్తొచ్చింది. నేను ఒక్క మాటన్నా కలపలేదు. తలొంచుకుని తాలుకాయలు ఏరుతూ ఉన్నాను.

పోటీ రోజు పొద్దున్నే బస్టాండులో బస్సు మీద ఊరి పేరు చదివాను. నాలుగక్షరాలు. కూడబలుక్కుని నేనే చదివాను. మాస్టారు విని, నా నెత్తి మీద చెయ్యి వేసి తీశారు. మా అమ్మాయికి చదువుకి ఎన్ని బహుమతులు వచ్చాయో, అవన్నీ చూసినా నాకు ఆ పొద్దున్న కలిగినంత గర్వం కలగలేదు. తప్పో ఒప్పో, నిజం అంతే.

అక్కడ మాతో ఆడినవాళ్లు తెల్ల బూట్లు, తెల్ల సాక్సులు వేసుకున్న పిల్లలు. మేం వట్టి కాళ్లతో దిగాం. వాళ్ల కోర్టులో మిరపకాయ ఒక్కటి కూడా లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి చూస్తే దాటాల్సిన ఏరులా ఉంది. సగం కోర్టుకి అలవాటైన ఊపిరి మాది. నాలుగుసార్లు అటూ ఇటూ పరిగెత్తేసరికి డొక్కలు పట్టుకున్నాం. అయినా మా బంతి రింగు దాకా చేరితే చాలు, పడేది. రింగు కింద మమ్మల్ని ఎవరూ ఆపలేకపోయారు. ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి.

ఇక కొంచెమే టైముందని మాస్టారు వేళ్లు చూపిస్తున్నారు. అప్పుడు వాళ్లు మేం కాచుకోవాల్సిన మా రింగు మీదికి వచ్చి బంతి వేశారు. పడలేదు. రింగుకి కొట్టుకుని పైకి లేచింది. అందరికన్నా పొడుగుదాన్ని నేనే, ఎగిరి పట్టుకున్నాను. పట్టుకున్నాక ఆ బంతిని తీసుకుని అవతలి రింగు దాకా పోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఆట అంతా గుర్తు పెట్టుకునే ఉన్నాను. కానీ బడిలో చేరిన ఆ రెండు నెలలూ పైన రింగు, చేతిలో బంతి ఉంటే నేను చేసింది ఒక్కటే. చేతులు వాటంతట అవే లేచాయి. బంతి శుభ్రంగా లోపలికి పోయింది.

మా రింగులో నేనే వేశాను. పాయింట్లు వాళ్లకి పడ్డాయి. తెల్ల సాక్సుల పిల్లలు ముందు అర్థంకాక నిలబడి, తర్వాత గంతులు వేశారు. ఆ వెంటనే ఆట అయిపోయింది.

మాస్టారి వైపు చూశాను. ఆయన నన్ను చూడట్లేదు. వేళ్లు ఇంకా పైకే ఉన్నాయి.

తిరుగు బస్సెక్కాం. మధ్యలో బస్సు ఆగితే ఆయన దిగి, అందరికీ కాగితాల్లో వేడి పునుగులు తెచ్చారు. నా పక్కన కూర్చుని, "తప్పు నీది కాదమ్మా. నేను ఒక్క రింగే చూపించాను" అన్నారు. వెనక సీట్లోంచి ఒక పిల్ల, "మిరపకాయని తెచ్చి పెట్టుకుంటే మంటే మరి" అంది. ఆయన తిరిగి ఆ పిల్లని ఏదన్నా అంటారని చూశాను. కళ్లు మూసుకుని సీటుకి ఆనుకున్నారు. ఆ రోజు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు. అరవడానికి కూడా బలం ఉండాలిగా.

మూడో కోత కాయ ఎత్తేసిన వారానికి కోర్టు మీద ఇటుకలు దిగాయి. రింగులు విప్పేశారు. ఆయనకి మళ్లీ సోషలు ఒక్కటే మిగిలింది. నేను బడికి వెళ్లడం మానేశాను. ఎవరూ మానమనలేదు. ఇటుకలు దిగిన పొద్దున్న లేచి అమ్మ వెంట చేలోకి వెళ్లాను, మర్నాడూ వెళ్లాను, అంతే.

నాలుగో రోజు సాయంత్రం మాస్టారు వచ్చారు. అమ్మ వాకిట్లో చేతులకి నూనె రాసుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఆట పోతే పోయింది. బడి ఉందిగా అమ్మా. పిల్లకి అక్షరాలు వస్తున్నాయి. ఇప్పుడు మానిపిస్తే మొత్తం పోతుంది."

అమ్మ వెంటనే కాదంటుందనుకున్నాను. అనలేదు. నూనె చేతులు ఒకదానికొకటి రుద్దుకుంది. ఏమనుకుందో ఏమో, "దాన్నే అడగండి మాస్టారా. అది పోతానంటే నేను అడ్డం రాను. నా పాట్లు నేను పడతా" అంది.

మాస్టారు నా వైపు తిరిగారు. "వస్తావా అమ్మా?"

ఒక్క మాట చాలు. నోట్లో ఉంది ఆ మాట. కానీ ఆ క్లాసులో ఆ పిల్లల మధ్య కూర్చోవాలి. మా రింగులో మేమే వేసుకున్నామని ఊరంతా నవ్వుతోంది. ఆయన ముఖం చూస్తే నిద్రలేని కళ్లు. అమ్మ చేతులు చూస్తే ఎర్రగా వాచి ఉన్నాయి. ఇన్ని ఆలోచించానో, ఇవన్నీ తర్వాత కల్పించుకున్నానో. ఆ క్షణాన నాకు తెలిసింది ఒక్కటే, అలిసిపోయాను. పదమూడేళ్లకి అంత అలుపు ఎక్కడిదో.

వద్దని తలూపాను.

ఇంకొక్కసారి అడుగుతారనుకున్నాను. అడిగితే వస్తాననేదాన్ని. ఆయన మంచినీళ్లు అడిగి తాగి, చెంబు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు.

తర్వాత నాకు పెళ్లయింది. మా అమ్మాయి పుట్టింది. అమ్మ, నేను, చంటిపిల్ల బస్టాండులో కూర్చుని ఉంటే ఒకసారి మాస్టారు, వాళ్లావిడ కనపడ్డారు. ఆయన జుట్టు తెల్లబడిపోయింది. జేబు మాత్రం ఇంకా సుద్దతో తెల్లగానే ఉంది. నన్ను గుర్తుపట్టి వాళ్లావిడకి చూపించారు. "ఈ పిల్ల గుర్తుందా? చదువుకోవాల్సిన పిల్ల. పాపం, వాళ్లమ్మ పంపించలేదు" అన్నారు.

మర్చిపోయి అన్నారో, పక్కన కూర్చున్నది మా అమ్మేనని గుర్తుపట్టక అన్నారో, నా మీద నింద పడకుండా తప్పించడానికే అన్నారో నాకు తెలియదు. నేను ఏమనాలి? అమ్మ నా పక్కనే ఉంది, ఒళ్లో మా అమ్మాయి.

"అవునండి" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. పిల్ల టోపీ జారితే సర్దింది. బస్సెక్కాక కూడా ఆ మాట ఎత్తలేదు. అప్పట్నుంచి ఎవరు అడిగినా, మా ఆయన అడిగినా, మా అమ్మాయి అడిగినా నేను అదే చెప్పాను, మా అమ్మ నన్ను చదువుకోనివ్వలేదని. అమ్మ వింటూ ఉండగా కూడా చెప్పాను. ఆవిడ పోయేదాకా ఒక్కసారీ కాదనలేదు.

మా అమ్మాయి రాయడం ఆపి నన్ను చూస్తోంది. రాయమ్మా, ఆపకు. మీ అమ్మమ్మ అడగమంది. మాస్టారు అడిగారు. వద్దన్నది నేను.